ఆ సంతకం పెట్టించింది నేనే

మా దీవిలో డెయిరీ ఫార్మ్ అనే పేటలో నాది మొబైల్ షాపు. హోప్ టౌన్‌లో ఉండే లక్ష్మి ఈ రోజు ఏడుస్తూ వచ్చింది. టైలరింగ్ షాపు పెడదామంటే, క్రెడిట్ స్కోరు పడిపోయిందని బ్యాంకు లోను ఇవ్వలేదట. నిరుడు, తెలిసిన కుర్రాడే కదా అని, ఐలాండర్ కార్డు (ఇక్కడి స్థానికులకిచ్చే గుర్తింపు కార్డు, అది లేకపోతే ఈఎంఐ ఇవ్వరు) లేని కిరణ్ కోసం తన పేరు మీద ఈఎంఐలో ఫోను తీసుకుంది. అతను నాలుగు నెలలుగా కట్టలేదు.

ఇంతలో ఆ కిరణే వచ్చాడు, అదే ఫోను స్క్రీన్ మీద కొత్త గ్లాసు వేయించుకోవడానికి.

"కట్టరా అంటే నవ్వుతావేంటి? నా షాపు పోయింది!" అంది లక్ష్మి.

"అరే దీదీ, సంతకం నువ్వే పెట్టావు కదా, చెయ్యి పట్టుకుని నేను పెట్టించానా? భయ్యా, బుడగలు రాకుండా వెయ్యి."

వేశాను. డబ్బులూ తీసుకున్నాను. నిరుడు ఆమె చేత సంతకం పెట్టించి, ఫ్రీగా ఫోను కవరిచ్చిందీ నేనే. మీరైతే ఆ గ్లాసు వేసేవారా? తిట్టాలనుంటే తిట్టండి.