రెండో పిలుపు

తొంభైల మొదట్లో నేను ఒమన్‌లో, మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో ఒక కట్టుబడి కంపెనీ క్యాంపులో టైమ్ కీపర్‌గా ఉండేవాడిని. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు సెలవు మీద ఊరికి పోయారు అన్నది రిజిస్టర్లో రాయడం నా పని. ఇంటర్ పాసై, కాస్త హిందీ, ఇంగ్లీషు వచ్చు కనుక ఎండలో కాక టేబుల్ ముందు కూర్చునే అదృష్టం దక్కింది. రూమ్‌లో ఎనిమిది మందిమి. అందరిదీ కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపే.

ఊళ్లో ఉన్నప్పుడు మాకు తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ పిచ్చి అక్కడే అంటుకుంది. మలయాళీ స్టోర్ కీపర్ ఒకాయన శుక్రవారాలు క్యాంపు వెనక రాళ్లు ఏరించి, ఇనుప పైపులతో గోల్ పోస్టులు నిలబెట్టి ఆడించేవాడు. మా రూమ్‌లో ఆడేది ఒక్కడే. మిగతా ఏడుగురం గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచేవాళ్లం.

ఆ ఒక్కడు మా గోలీ, అంటే గోల్ కీపర్. కోరుట్ల దగ్గర పల్లె ఆయనది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. సైట్లో ఆయన పని పరంజా మీద నిలబడి కింది నుంచి విసిరే ఇటుకలు పట్టుకోవడం. పొద్దంతా పట్టినా ఒక్కటి జారవిడిచేవాడు కాదు. స్టోర్ కీపర్ అది చూసి, "ఈ చేతులు నాకు కావాలి" అని తీసుకుపోయి గోల్లో నిలబెట్టాడు. మొదటి రోజు బంతి వస్తే పట్టి, అలవాటు కొద్దీ పక్కన నేల మీద పెట్టేశాడు. ఇటుక పేర్చినట్టు. అందరం పడీపడీ నవ్వాం. నెల తిరిగేసరికి ఆయన్ని దాటించి గోల్ వెయ్యడం ఎవరి తరమూ కాలేదు.

కంపెనీకి మస్కట్ చుట్టూ మూడు క్యాంపులుండేవి. మాది ఒకటి, ఖురంలో ఒకటి, రోడ్లు వేసేవాళ్లది ఒకటి. చలికాలంలో మూడింటికీ పోటీ పెట్టేవారు. ప్రతిసారీ ఖురం వాళ్లే గెలుస్తున్నారని ఒక ఏడాది కాకినాడ ఇంజనీరు గారు కొత్త పద్ధతి తెచ్చారు. ఆడేవాళ్ల పేర్లన్నీ ఒకే లిస్టులో రాస్తారు. మూడు టీముల తరఫున ముగ్గురు కూర్చుని వరసగా ఒక్కొక్క పేరు పిలుస్తారు. పిలిచిన క్యాంపుకు ఆ మనిషి మారిపోవాలి. ప్రాక్టీసు డ్యూటీ దిగాక కనుక, పోటీ అయ్యేదాకా తిండీ, పడకా అక్కడే. చీటీలు వేస్తే మొదటి పిలుపు మాకు వచ్చింది. రాయడం వచ్చినవాడినని మా తరఫున పేర్లు పిలిచే పని నాకు అప్పజెప్పారు.

ఆ వారం రూమ్‌లో వేరే మాట లేదు. కూర గిన్నె చుట్టూ కూర్చున్నా అదే, బట్టలు పిండుతున్నా అదే. రోడ్ల క్యాంపులో ఎడమకాలితో కొట్టే గోవా కుర్రాడు ఒకడున్నాడు. కిందటేడు వాళ్ల గోల్స్ అన్నీ వాడొక్కడే వేశాడు. ముందు వాడిని పిలవాలా, మా గోలీని పిలవాలా అన్నదే తగాదా.

మా అందరిలో పెద్దవాడు నిర్మల్ వైపు స్టీల్ ఫిట్టర్. ఆయన్ని పెద్దన్న అనేవాళ్లం. గురువారం సాయంత్రం ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మన మనిషిని మనమే ఫస్ట్ పిలువాలె. ఇండ్ల ముచ్చటేముంది?"

"అన్నా, జర లెక్క చూడు," అన్నాను నేను. "ఖురమోళ్లకు గోలీ ఉన్నడు. రోడ్డోళ్లకు ఉన్నడు. మనోన్ని ఎవ్వలు పిలుస్తరు? గోవా పిలగాన్ని ఫస్ట్ పిలుద్దాం. ఇద్దరు పిలిచినంక మల్ల మన వంతే గద. అప్పుడు మనోన్ని తీస్కుందాం. ఇద్దరూ మనకే వస్తరు."

ప్లంబర్ ఒకడు, "అవునన్నా, వీడు చెప్పింది కరెక్టే" అన్నాడు. ఇంకొకడు తలూపాడు. పెద్దన్న మాత్రం, "ఒకవేల తీస్కపోతే?" అన్నాడు.

"ఎవ్వలు తీస్కపోరన్నా. ఆయన కోసం ఎవ్వలు కాసుకోని కూసున్నరు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక చూశాను. గోలీ అక్కడే ఉన్నాడు, గోడ వైపు తిరిగి చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"నువ్వేమంటవ్ అన్నా?" అని అడిగాను.

ఆయన దారం పంటితో కొరికి, "నన్ను ఫస్ట్ పిలువుమని నేనెట్ల జెప్త తమ్మీ? మీ ఇష్టం," అన్నాడు. నవ్వాడు కూడా. అందువల్ల ఆయనకు ఇష్టమే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న మెస్‌లో బోర్డు పెట్టారు. నేను లేచి గోవా కుర్రాడి పేరు పిలిచాను. మా వాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత ఖురం తరఫున వాళ్ల ఫోర్‌మన్ లేచాడు. చేతిలో కాగితమైనా చూసుకోకుండా మా గోలీ పేరు చెప్పాడు.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే గోలీ మొహం కనబడుతుంది.

ఖురం వాళ్ల గోలీ రెండు రోజుల కిందటే సెలవు మీద ఊరికి వెళ్లిపోయాడు. ఆ సంగతి తెలియనిది మాకే. "మాకే" అనడం తప్పు. మూడు క్యాంపుల సెలవు కాగితాలూ నా టేబుల్ మీదికే వస్తాయి. అతని పేరు ఎదురుగా సెలవు అని నా చేత్తోనే రాశాను. రాసేటప్పుడు అది ఒక పేరు మాత్రమే. ఆ పేరుకు ఒక గోల్ పోస్టు ఉందని నాకు తట్టలేదు.

శనివారం డ్యూటీ దిగాక గోలీ పరుపు చుట్టుకుని ఖురం బండి ఎక్కాడు. నేను సంచి పట్టుకుని బండి దాకా వెళ్లాను.

"అన్నా, నాకు తెల్వకపాయె," అన్నాను.

"ఏమైతది తమ్మీ, మూడు నెలలే గద," అన్నాడు. బండి కదిలేముందు, "నా మంచం మీద సామాన్లు పెట్టకుండ్రి," అని మాత్రం అన్నాడు.

మొదటి మ్యాచ్ మాతోనే పడింది. గోవా కుర్రాడు ఎన్నిసార్లు కొట్టినా ఆయన పట్టేశాడు. ఓడిపోయాం. అయినా ఆట అయ్యాక మా రూమ్‌కే వచ్చి, మాతో అన్నం తిని, ఖురం వంటలో చింతపండు వెయ్యరని తిట్టి వెళ్లాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. ఆ మామూలుతనమే నన్ను గుచ్చింది.

రెండోసారి వాళ్లు మాతో ఆడాల్సిన శుక్రవారం మధ్యాహ్నం కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. మా దగ్గర చినుకు లేదు. గాలి మాత్రం తడిగా ఉంది. ఖురం నుంచి అమెరాత్ రావాలంటే కొండల సందులోంచి వాదీ దాటుకుని రావాలి. ఏడాదంతా అది ఎండిన వాగు, రాళ్లూ ఇసుకే. ఎక్కడో పైన వాన పడితే నీళ్లు గోడలా వచ్చేస్తాయి.

మేము గీత పక్కన నిలబడి ఉన్నాం. ఆట మొదలయ్యే వేళ దాటింది. ఖురం బండి రాలేదు. అరగంట చూశాం. మావాళ్లు గొణగడం మొదలుపెట్టారు. నేనే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, టైముకు రాకపోతే మనం గెలిచినట్టే గద సార్. రాసెయ్యండి."

"ఉండవయ్యా, వస్తారేమో చూద్దాం," అన్నారాయన.

"రూల్ రూలే సార్," అన్నాను. వెనక మావాళ్లు ఈలలు వేశారు. ఇంకో పావుగంట చూసి ఆయన కాగితం మీద మా గెలుపు రాశారు. మేము ఒకరి భుజాల మీద ఒకరం చేతులు వేసుకుని ఎగిరాం. నేను అందరికంటే ఎత్తు ఎగిరాను.

సాయంత్రం కంపెనీ బండి ఒకటి కబురు తెచ్చింది. ఖురం పికప్‌ను వాదీలో నీళ్లు తోసేశాయి. వెనక కూర్చున్నవాళ్లలో అందరూ రాళ్లు పట్టుకుని బయటపడ్డారు, ఒక్క మా గోలీ తప్ప. ఆయన ఎటు పోయాడో చూసినవాళ్లు లేరు. బతికినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. "నా పక్కనే ఉన్నడు" అన్నారు ముగ్గురు. ముగ్గురి పక్కనా ఒకేసారి ఎలా ఉంటాడు? ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మర్నాడు పోలీసులు చాలా దూరాన తుమ్మచెట్ల మధ్య దొరికాడన్నారు. నేనూ పెద్దన్నా వెళ్లి గుర్తుపట్టాం. చేతులు రెండూ ముందుకు చాపి ఉన్నాయి. పెద్దన్న వాటిని కిందికి దించబోయాడు. దిగలేదు.

నీళ్లు ఏ వేళకు వచ్చాయో పోలీసులు చెప్పారు. లెక్క కట్టకుండా ఉండలేకపోయాను. నేను రూల్ రూలే అంటున్న వేళే అది.

రిజిస్టర్లో ఆయన పేరు ఎదురుగా ఏం రాయాలో ఆ నెల నాకు తెలియలేదు. ఖాళీగా వదిలేశాను. రూమ్‌లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. తట్టుకోలేక ఒకరోజు నేనే పెద్దన్నను అడిగాను. "అన్నా, నా మాట తోనే గద?"

"మేమంత ఊకొట్టినం గద తమ్మీ," అన్నాడు. ఊరట చెప్పాడో, అందరినీ కలిపి దోషం ఒప్పుకున్నాడో తెలియలేదు. గోలీ మంచం మీద ఎవరం సామాన్లు పెట్టలేదు. కొత్త మనిషిని పంపుతామంటే జాగా లేదని అబద్ధం చెప్పాం.

మరుసటి ఎండాకాలం సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన భార్య బీడీలు చేసే చాట పక్కన పెట్టి నీళ్లిచ్చింది. నాలుగేళ్ల కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. నేను చెప్పాలనుకునే వెళ్లాను. మొదటి వాక్యం బస్సులో నాలుగుసార్లు అనుకున్నాను.

ఆమె లోపలికి వెళ్లి టేప్ రికార్డర్ తెచ్చింది. ఆ రోజుల్లో చాలామందిమి ఉత్తరం బదులు క్యాసెట్ నింపి, ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం. "ఆఖరుది ఇది," అని బటన్ నొక్కింది.

ఆయన గొంతు వచ్చింది. పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. వెనక మా రూమ్ ఫ్యాన్ చప్పుడు, ఎవరిదో దగ్గు, మా నవ్వులు. తర్వాత గొంతు తగ్గించి సిగ్గుగా అన్నాడు. "ఈడ బాల్ ఆట లొల్లి నడుస్తుంది. శుక్రారం పేర్లు పిలుస్తరు. మా రూమోళ్లు నన్నే ఫస్ట్ పిలుస్తరు, సూడు."

ఆమె బటన్ నొక్కి ఆపింది. "పిలిచిన్రా అన్నా?"

నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"పిలిచినం," అన్నాను.

"ఫస్టేనా?"

"ఫస్టే."

ఆమె కళ్లు తుడుచుకుని కూతురి తల మీద చెయ్యి వేసింది. "ఇన్నవా బిడ్డా, నాయినను ఫస్ట్ పిలిచిన్రట." పిల్ల నా వంక చూసింది. చెప్పాలని వెళ్లినదేదీ ఆ తర్వాత చెప్పలేకపోయాను.

మళ్లీ ఒమన్ వెళ్లి ఇంకో ఆరేళ్లు ఉన్నాను. పోటీలు జరిగాయి. గీత దగ్గరికి నేను వెళ్లలేదు. మబ్బు పట్టిన శుక్రవారాల్లో రూమ్ తలుపు వేసుకుని పడుకునేవాడిని. అయినా మైదానం మీద అరుపులు వినిపించేవి. వాటిలో నా గొంతు కూడా ఉన్నట్టు ఉండేది.

అంతా వదిలేసి వచ్చాక చాలా ఏళ్లకు, కోరుట్లలో ఒక పెళ్లిలో ఎవరో అమ్మాయి నా ముందుకొచ్చి నిలబడింది. కనుబొమలు చూడగానే గోలీ కూతురని తెలిసిపోయింది.

"మా నాయినను ఫస్ట్ పిలిచింది మీరేనట గద కాకా?" అంది. "మా అమ్మ ఎప్పుడూ జెప్తది."

చుట్టూ బాజా మోగుతోంది. నిజం చెప్పాలంటే అరిచి చెప్పాలి.

"అవును బిడ్డా," అన్నాను. ఆమె వంగి నా కాళ్లకు దండం పెట్టింది. ఆపడానికి చేతులు చాపాను కానీ అప్పటికే ఆలస్యమైంది.