మలుపు దాకా మామే డ్రైవరు

పోయిన వారం మదనపల్లెలో కంటి పరీక్షకు వెళ్ళాను. హెవీ లైసెన్సు రెన్యువల్ చేయించాలంటే చూపు బాగుందని డాక్టరు రాసివ్వాలి, నా వయసు డ్రైవర్లకు అది తప్పదు. గోడకు తగిలించిన అక్షరాల అట్ట ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, మా చిన్నకూతురి వయసున్న ఒక అమ్మాయి ఒక కన్ను మూసుకుని చదవమంది. చదువుతుంటే "అంకుల్, తల తిప్పకండి, నేరుగా చూడండి" అంది. నేను నేరుగానే చూస్తున్నానని అనుకుంటున్నాను. ఆ పిల్ల లేచి వచ్చి, రెండు చేతులతో నా తల పట్టుకుని, ఒరిగిన ఫోటోను సరిచేసినట్టు సరిచేసి వెళ్ళింది. రెండు వరసలు చదివేసరికి నా తల మళ్ళీ ఎడమకు తిరిగింది. ఎప్పటినుంచి ఇలా అని అడిగింది. చెప్పాలంటే మా మామతో మొదలుపెట్టాలి. బయట బెంచీ మీద ఇంకా చాలామంది ఉన్నారు. అందుకని "అలవాటమ్మా" అని ఊరుకున్నాను.

మా మామ అంటే అమ్మకు అన్న. పుంగనూరులో ఉండేవాడు. పదిమంది దగ్గర లారీలు తోలి, చివరికి సొంతంగా ఒక పాత లారీ కొనుక్కున్నాడు. తొంభైలలో మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి సేలానికి టమోటా తోలేవాడు. పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా దారి. మామ తోలితే కాయ నలగదని యార్డులో పేరు. ఎద్దును కొనేవాడు పళ్ళు చూసినట్టు, ఆ రోజుల్లో రైతులు పెట్టెలు ఎక్కించే ముందు డ్రైవరు మొహం చూసేవాళ్ళు. మామ మొహం చూస్తే ఇక మాట్లాడేవాళ్ళు కారు. ఆయన కూడా ఎవరినీ సూటిగా చూసేవాడు కాదు. తల ఎడమకు తిప్పి, కుడికంటి కొసతో, కోడిపుంజు చూసినట్టు చూసేవాడు. యార్డులో అందరూ దాన్ని పెద్ద డ్రైవరు దర్జా అనుకున్నారు. కుర్ర డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు అలాగే చూడడం నేర్చుకున్నారు కూడా. నేనైతే నిమ్మనపల్లె దగ్గర మా ఊళ్ళో అద్దం ముందు నిలబడి మరీ ప్రాక్టీసు చేశాను.

ఇంటరు తప్పాక నాన్న ట్రాక్టరు తోలుతూ తిరిగేవాణ్ణి. ఇరవై ఒకటో ఏట హెవీ లైసెన్సు వచ్చింది గానీ, మొహం తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. మీసం అన్న మాటే లేదు. లైసెన్సు జేబులో పెట్టుకుని యార్డులో ఎవరి బండి దగ్గరికి వెళ్ళినా "మీ నాయన యాడప్పా?" అని అడిగేవాళ్ళు. మా అత్తకు ఇది తెలిసి, పైపెదవికి రోజూ ఆముదం రాయమంది. రాశాను. ఈగలు వచ్చాయి, మీసం రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మామ నన్ను పుంగనూరు పిలిపించాడు. వంటింటి గడప దగ్గర కూర్చుని, తల పక్కకు తిప్పి, "అల్లుడా, నాకు సూపు ఆనడంల్యా" అన్నాడు. అప్పటికి కొన్నాళ్ళుగా అలా ఉందట. డాక్టరు ఇది బాగయ్యే జబ్బు కాదన్నాడట. అప్పుడు అర్థమైంది, నేను అద్దం ముందు నేర్చుకున్న దర్జా ఏమిటో. విషయం బయటపడితే మామకు ఇక ఎవరూ లోడు ఇవ్వరు. నన్ను డ్రైవరుగా పెడదామంటే నా మొహం చూసి అసలే ఇవ్వరు. అత్త చేటలో బియ్యం ఏరుతూనే తీర్పు చెప్పేసింది. "మొగం ఆయనది, కండ్లు నీవి. ఇద్దురూ కలిసి ఒగ డ్రైవరు కాండి. గుడ్డి కన్నా మెల్ల మేలు."

అలా మొదలైంది నా ఉద్యోగం. యార్డులో స్టీరింగు దగ్గర మామ కూర్చునేవాడు, పక్క సీట్లో నేను. పెట్టెలు ఎక్కి, తాళ్ళు బిగిశాక, సరుకు వేలం వేసి లోడు ఇచ్చే మండీ ఆయన చెయ్యి ఊపగానే మామ బండి కదిలించేవాడు. యార్డు ఆయనకు పుట్టిన ఊరికన్నా బాగా తెలుసు. ఎడమవైపు టీకొట్టు పంపు స్టవ్వు రొద, కుడివైపు కాటా గొలుసుల చప్పుడు, వాటి నడుమ గేటు. నేను పెదవులు కదలకుండా "ఇంకొంచెం ఎడమకు మామా" అంటూ ఉండేవాణ్ణి. ఊరు దాటి పుంగనూరు రోడ్డులో ఒక చింతచెట్టు మలుపు ఉంది. అక్కడ ఆపి సీట్లు మారేవాళ్ళం. మలుపు దాకా మామ డ్రైవరు, మలుపు దాటాక నేను. యార్డు నుంచి మలుపు దాకా నా కాలు మాత్రం నా వైపు లేని బ్రేకును తొక్కుతూనే ఉండేది. మామను మానిపించమని అత్తతో ఒకసారి చెప్పి చూశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఏం చెప్పమంటావని ఆవిడే నన్ను ఎదురు అడిగింది.

నాకు చిన్నప్పటినుంచీ ఏ వస్తువునైనా విప్పి చూడాలనే జబ్బు ఒకటి ఉంది. రేడియో విప్పాను, ట్రాక్టరు పంపు విప్పాను. ఇప్పుడు మామ కళ్ళ మీద పడ్డాను. దారి పొడవునా ప్రశ్నలే. ఆ కొండ కనిపిస్తోందా? ఆ మేకలు? నా చొక్కా రంగు? విసుక్కోకుండా చెప్పేవాడు. "యాడ సూస్తే ఆడ నడిమధ్యన రూపాయి బిళ్ళంత మసక ఉండాదిరా. సుట్టూరా బాగనే ఉండాది. నీ మొగం కనపడదు, సెవులు కనపడతాయి. ఈ మద్దెన మనుసుల్ని సెవులు సూసే గుర్తుపడతాండా." ఆ మాట విన్నాక నేను చాలాకాలం మనుషుల చెవులే చూస్తూ తిరిగాను. మండీ ఆయన చెవి మీద వెంట్రుకలు, మా అత్త కమ్మల బరువుకు సాగిన చెవి తమ్మెలు, అంతకుముందు నేను ఎప్పుడూ చూడనే లేదు. కుప్పంలో మేం ఆగే టీకొట్టు ఆయన పలకరింపు తెలుగులో, లెక్క అరవంలో, పనివాణ్ణి తిట్టడం కన్నడంలో చేసేవాడు. ఆయన చెవి అంచున చిన్న గాటు ఉండేది. అది ఎలా పడిందని మామే అడిగాడు. ఆయన మూడు భాషల్లో మూడు కథలు చెప్పాడు. అందులో ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

మామ దగ్గర తోలడం నేర్చుకున్నంత శ్రద్ధగా చదువుకునే రోజుల్లో కూడా నేను ఏదీ నేర్చుకోలేదు. మామ పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. "ఇంజను సంగతి తర్వాత. యెనకాల పెట్టెలు ఏం మాట్లాడతాండాయో ఇను" అనేవాడు. చెక్కపెట్టెలు కిర్రుమంటే వేగం ఎక్కువైనట్టు, టకటకమంటే తాడు వదులైనట్టు. గుంత దగ్గర బ్రేకు మీద పిల్లి అడుగేసినట్టు కాలు వేయాలి. సేలంలో సరుకు దించుకునే సేటు కాయ బాగా వచ్చిందని మామను మెచ్చుకుంటూ కబురు పంపితే, యార్డులో మామ తల పక్కకు తిప్పి ఆ మెప్పు తీసుకునేవాడు. నాకు లోపల ఎక్కడో చివుక్కుమనేది. కాయలు తోలింది నేను కదా అని అరవాలనిపించేది. వెంటనే మామ మొహం చూసి జాలి వేసేది.

ఒక సోమవారం యార్డు కిక్కిరిసి ఉంది. మా లోడు ముప్పాతిక ఎక్కింది. మిగతా పెట్టెలకోసం బండిని కొంచెం ముందుకు జరపమన్నారు. అటువైపు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆ రోజు నిమ్మనపల్లె వైపు నుంచి వచ్చే ఒక అవ్వ తన టమోటా పెట్టెలు అక్కడే పేర్పించింది. నేను తాడు బిగిసిందో లేదోనని కిటికీలోంచి వెనక్కి చూస్తున్నాను. మామ నా మాట కోసం ఆగకుండా ముందుకు పోనిచ్చాడు. చెక్కలు విరిగిన చప్పుడు, జనం కేకలు. మామ బ్రేకు తొక్కి, స్టీరింగు వదిలేసి, "రేయ్, మనుసులెవురన్నా ఉండారా?" అని నా చొక్కా పట్టుకున్నాడు. దేవుడి దయ, ఎవరూ లేరు. చక్రం కింద ఎర్రటి రసం కారుతూ ఉంది. నేనేం ఆలోచించానో తెలియదు, మామను పక్కకు నెట్టి స్టీరింగు దగ్గరికి జరిగిపోయాను. జనం తలుపు తీసేసరికి ఆ సీట్లో నేనున్నాను.

"పిలగాని సేతికి బండి ఇస్తే ఇంతే!" అన్నారు ఎవరో. మండీ ఆయన మామ మీదికి వచ్చి, "పెద్దాయనా, ఈ అబ్బోడు బండెక్కితే రేపట్నించి నీకు లోడు లేదు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. నా డ్రైవరు బతుకు అక్కడితో సరి అనుకున్నాను. అంతలో మామ కాలితో మెట్టు తడుముకుంటూ కిందికి దిగాడు. అది అందరూ చూశారు.

"తొక్కించింది వాడు కాదప్పా, నేను. నాకు కండ్లు కనపడవు. ఈ పంటకాలమంతా మీ కాయలు సేలం తోలింది వాడే. నేను ఆ సింతసెట్టు మలుపు దాకా కూచ్చొని దిగేవాణ్ణి."

అవ్వ చితికిన కాయల మధ్యలోంచి నడిచి వచ్చింది. ముందు మామను పట్టుకుంది. "కాయ పోతే మళ్ళా కాస్తాది. నీ గొప్పకు ఒగ మనిసి కింద పడింటే ఏం జేస్తాంటివప్పా?" మామ ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి, అదే చివరిసారి. తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. "పోయిన నెల అంత వానలో నా కాయ ఒగటి గూడా నలక్కుండా పోయిందని సేటు సెప్పి పంపినాడే, అది తోలింది నువ్వేనా?" అవునన్నాను. నన్ను కింద నుంచి పైకి చూసింది. "మీసం గూడా రాలేదే నీకు!" అంది. ఎవరో నవ్వారు. "సూస్తా నిలబడినారు యాల? బాగున్న పెట్టెలన్నీ ఈ పిల్లోడి బండికే ఎక్కించండి."

ఆ రోజు యార్డు గేటు నేనే దాటించాను. చింతచెట్టు మలుపు దగ్గర అలవాటు కొద్దీ బ్రేకు మీద కాలు పడింది, బండి నిలిచిపోయింది. "యాల నిలిపినావు? పోనీరా" అన్నాడు మామ. కొంతదూరం పోయాక, "ముందర ఏముండాదో సెప్పు" అన్నాడు. గడ్డి లారీ ఉందని చెప్పాను. ఆ పక్కన ఏముందో చెప్పమన్నాడు. పొట్టి పుంగనూరు ఆవును తోలుకుపోతున్న ఒకాయన ఉన్నాడని చెప్పాను. ఆయన చెవులు ఎట్లుండాయని అడిగాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం.

తర్వాత చాలా ఏళ్ళు మామ పక్క సీట్లోనే నాతో తిరిగాడు. చెక్కపెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, అవి ఏమీ మాట్లాడవని మామ వాటిమీద చిరాకుపడేవాడు. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలంలో పోయాడు. నాకు మీసం వచ్చింది, నెరిసింది. దారిలో ఏముందో ఇప్పటికీ బయటికే చెప్పుకుంటూ తోలుతాను. మా క్లీనరు మొదట్లో భయపడ్డాడు, ఇప్పుడు అలవాటుపడ్డాడు.

కంటి పరీక్షలో చివరికి డాక్టరే వచ్చి చూశాడు. రెండు కళ్ళూ బాగున్నాయనీ, తల తిప్పాల్సిన అవసరమే లేదనీ చెప్పి సంతకం పెట్టాడు. కాలం మా మామను తీసుకుపోయింది గానీ, పోతూ పోతూ ఆయన చూసే తీరును నా మెడ మీద మరిచిపోయింది. గుర్తొచ్చి అది కూడా తీసుకుపోతుందేమోనని, నేను దాన్ని సరిచేసుకోకుండా అలాగే దాచుకున్నాను.