మడత మార్చే రోజు

నేను మేనేజరునయ్యాక నన్ను భోజనానికి పిలవడం మానేశారు. కావాలని చేసింది కాదు. వన్ టౌన్‌లో మాది చేనేత పట్టుచీరల హోల్‌సేల్ కొట్టు. మధ్యాహ్నం వెనక గోడౌన్‌లో పేపర్లు పరిచి, క్యారేజీలు విప్పి, ఒకరి కూర ఒకరం వేసుకుని తినేవాళ్లం. తలుపు పక్క చోటు నాది. యజమాని నాకు అద్దాల గది ఇచ్చాక ఆ చోటు ఖాళీగా ఏమీ ఉండలేదు. తలా కాస్త జరిగి సర్దుకున్నారు.

కొన్నాళ్లకు, నాతోపాటు పనిలో చేరిన ఇద్దరు సేల్స్‌మన్ల మధ్య మాటలు ఆగిపోయాయి. ఒకాయనది పామర్రు, ఇంకొకాయనది కంకిపాడు. ఏళ్లుగా తన దగ్గరే కొనే షాపాయన్ని కంకిపాడాయన తన వైపు పిలుచుకున్నాడని పామర్రాయన కోపం. మిగతావాళ్లూ రెండు జట్లయ్యారు. గోడౌన్‌లో పేపర్లు రెండు చోట్ల పరిచేవారు.

పామర్రాయన నా గదిలోకి వచ్చాడు. "ఆయన్ని ఒక్కసారి గట్టిగా అడగండి. రేపు మా ఇంట్లో గోంగూర చేస్తున్నారు. మాతో కూర్చుందురుగాని."

ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నాను. కానీ ఒక పేపరు దగ్గర కూర్చుంటే రెండో పేపరు వాళ్లకు నేను మేనేజరును కాను. చూద్దాం అన్నాను. ఆయన మళ్లీ పిలవలేదు.

పట్టుచీర ఒకే మడతలో చాలాకాలం ఉంటే ఆ గీత వెంట జరీ విరుగుతుంది. అందుకని అప్పుడప్పుడు బీరువాల్లోంచి అన్నీ దించి, ప్రతి చీరా విప్పి, మడత మార్చాలి. దానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని బిగువుగా లాగి, ఒకరి దగ్గరకొకరు నడిచి కొసలు కలపాలి. ఈసారి ఆ ఇద్దరినీ జతగా వేశాను.

"ఇంకెవరూ లేరాండీ?" అన్నాడు కంకిపాడాయన.

"లేరు."

మొదట్లో గుంజుకున్నట్టే మడిచారు. నా గది తలుపు తీసే ఉంది. కాసేపటికి మాటలు వినిపించాయి.

"కొస పైకెత్తవయ్యా, నేల ఊడుస్తున్నావు."

"నీ పొట్ట అడ్డొస్తోంది, కొసలెట్లా కలుస్తాయి?"

ఇంతలో పామర్రాయన అన్నాడు. "అటు చూడు, అద్దాల్లో దొరగారు. మనతో నేల మీద కూర్చుని తిన్న మనిషేనా?"

"కుర్చీ వచ్చాక మనమేం కనపడతాం?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను తల ఎత్తలేదు. ఒకరి మీద ఒకరికున్న కోపం తెచ్చి నా మీద పెట్టారు. ఉండనిచ్చాను.

ఆ మధ్యాహ్నం పేపర్లు ఒకే చోట పరిచారు. నేను గదిలో క్యారేజీ విప్పుకున్నాను. డైరీలో "మడత మార్పు మొదలు. అందరూ కలిసి భోంచేశారు" అని రాసి, 'అందరూ' అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. కొట్టేయలేదు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే తిన్నాను.

ఇప్పుడు ఇంట్లో దుప్పట్లు నేనొక్కణ్ణే మడతపెడతాను. ఒక కొస బీరువాలో పెట్టి తలుపు మూస్తాను. రెండో కొస పట్టుకుని బిగువుగా లాగి, తలుపు దగ్గరకు నడుస్తాను.