రోడ్డుకు కనపడినంత మేర

లింకన్‌షైర్‌లో క్లిఫర్డ్ థర్ల్‌బీ గోధుమచేనంత శుభ్రమైనది ఇంకోటి లేదు, రోడ్డు మీంచి చూస్తే. జూన్ వస్తే చాలు, భుజాన గోతం వేసుకుని, గోధుమ వెన్నులను మించి తలెత్తిన నల్లగడ్డి కలుపును ఒక్కొక్క మొక్కే పీకి అందులో కుక్కుతాడు. పదడుగులకోసారి నడుం నిమురుకుంటూ రోడ్డుకేసి తిరిగి చూస్తాడు. కారులో పోయేవాళ్ల చూపు ఎక్కడ ఆగుతుందో ఆయన పనీ అక్కడే ఆగుతుంది. ఆ అవతల ఏది పైరో ఏది కలుపో పోల్చుకోలేం. అయినా సాయంత్రం పబ్బులో కూర్చుని, "మీ చేలు చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందయ్యా" అని అందరి మీదా జాలిపడతాడు.

మొన్న ఆదివారం పక్క పొలం బెరిల్ కొత్తగా కొన్న గుర్రమెక్కి వచ్చి రోడ్డు మీద ఆగింది. "ఏమయ్యా క్లిఫర్డ్, మధ్యలో ఏంటా నలుపు? మబ్బు నీడా?" ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. క్లిఫర్డ్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఆఁ, నీడేలే." మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చి సరిగ్గా ఆ గుర్రం ఆగినచోటే నిలిపి, సీటెక్కి కూర్చుని చూసి, కనపడినంత మేరా మూడు రోజులు పీకాడు. నాలుగో రోజు బెరిల్ మళ్లీ వచ్చి, "అబ్బో, అద్దంలా ఉందే!" అంది. క్లిఫర్డ్ గుర్రాన్ని గిట్టల నుంచి చెవుల దాకా ఎగాదిగా చూశాడు.

"ఇది ఇంకా ఎదుగుతుందా?" అన్నాడు, కాస్త బెంగగా.