ఎర్ర చీటీ, తీగ లేని గడియారం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నాన్న మెయిన్ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. మే నెల. కూలర్ పంపు ముందురోజు సాయంత్రమే ఆగిపోయింది. భిలాయిలో మే నెలలో కూలర్ ఆగితే ఇంట్లో మాటలు కూడా ఆగిపోతాయి.

నాన్న ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాడు. అక్కడి పద్ధతిని సెక్టర్ 2లోని మా క్వార్టర్‌కీ తెచ్చాడు. బల్బు మార్చాలన్నా ముందు ఫ్యూజు జేబులోకి వెళ్లాలి, బోర్డుకు ‘పని జరుగుచున్నది’ అనే ఎర్ర చీటీ వేలాడాలి. కట్టినవాడే దాన్ని విప్పాలి. ఫ్యూజు తిరిగి పెట్టేముందు “చేతులు తీసీసారా?” అని ఆయన కేక వేస్తే అందరం “తీసీసాం” అనాలి. ఒకసారి ఫ్యూజు జేబులో పెట్టుకునే పవర్ హౌస్ అనే బజారుకు కూరలకు వెళ్లిపోయాడు. ఆయన వచ్చేదాకా విసనకర్రలతో కూర్చున్నాం గాని చీటీ ముట్టుకోలేదు.

ఆ రోజూ చీటీ కట్టి కూలర్ ముందు కూర్చున్నాడు. అప్పుడు అలమరలో నా కూతురి గడియారం కనిపించింది. అంకెలు మారుతూనే ఉన్నాయి.

అది ఆమె కాలేజీ ప్రాజెక్టు. ఏడు రోజులు ఆగకుండా నడవాలి. ఆగితే అంకెలు సున్నాకు పడిపోతాయి, మళ్లీ మొదటినుంచి నడపడానికి గడువు లేదు. ఆ రోజు ఏడోది. సాయంత్రం నాలుగుదాకా నడిస్తే చాలు.

“ఇదేటే? ఫ్యూజు నా జేబులో ఉంది గదా, ఇదెలాగ నడస్తంది?”

“పక్కనున్న ఈ డబ్బాలో బ్యాటరీ ఉంది తాతా. దాన్లోంచి రేడియో తరంగాలు వస్తాయి. ఘడీ వాటినే కరెంటు చేసుకుంటాది. బస్, అంతే.”

“తీగేదే?”

“తీగ లేదు.”

“మరి చీటీ దేనికి కట్టాలే?”



“చీమక్కూడా షాక్ కొట్టదు తాతా. సచ్ మే, నిజంగా.”

“కరెంటున్న గదిలో నాను చెయ్యెట్టను.”

అమ్మ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వచ్చింది. “ఆ గడియారాన్నైనా ఆపీయే, మీ తాతనైనా ఆపీయే. ఏదో ఒకటి ఆగాల.”

నా కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న గడియారం వైపు చూశాడు.

“నీ కరెంటు ఎంత దూరం వస్తాదే?”

“నాలుగడుగులు.”

“అయితే లే. పక్కింట్లో పెట్టొద్దాం.”

డబ్బా ఆమె పట్టుకుంది, గడియారం ఆయన పట్టుకున్నాడు. డబ్బా గడియారం వైపే ఉండాలి కాబట్టి ఆమె వెనక్కి నడిచింది. నాన్నకు మోకాలు నొప్పి.

“మెల్లిగా నడవే గుంటా, అంకెలు మాసిపోతన్నాయి.”

“నువ్వే జల్దీ రా తాతా!”

పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ఇదేం పూజని అమ్మను అడిగింది. “దీదీ, యే కౌన్ సీ పూజా హై?”

“కూలర్ పూజా,” అంది అమ్మ.

ఆవిడ వరండాలో స్టూలు వేసింది. రెండూ దానిమీద పెట్టి, నాన్న జేబులోంచి ఇంకో చీటీ తీసి స్టూలు కాలుకు కట్టాడు. కట్టినవాడే విప్పాలని ఆవిడకు హిందీలో చెప్పాడు. ఎనిమిది గంటలకల్లా పంపు బాగైంది.

“చేతులు తీసీసారా?”

మేం తీసీసాం అన్నాం. పక్కింటి వరండాలోంచి నా కూతురు కూడా “తీసీసాం!” అని అరిచింది. అప్పుడుగాని ఆయన ఫ్యూజు పెట్టలేదు.

నాలుగింటికి గడియారం నడుస్తూనే ఉంది. దాన్ని తెచ్చుకున్నాం గాని, స్టూలు కాలి చీటీ విప్పడం నాన్న మరిచిపోయాడు.

ఆ వానాకాలంలో నాన్న పోయాడు. స్టూలుకు చీటీ ఇంకా ఉంది, పక్కింటావిడ విప్పలేదు. మరుసటి వేసవిలో పంపు మళ్లీ పోయింది. మెకానిక్ వచ్చి ప్లగ్గు పీకి, బాగుచేసి, చేతుల సంగతి అడగకుండానే స్విచ్చి వేశాడు. 

ఇప్పుడు మా ఇంట్లో కరెంటు వేసేముందు ఎవరూ కేక వేసి అడగరు.