సమంగా పంచిన మాత్రలు

డల్సీ ట్రాంటర్‌కి అరవై నాలుగేళ్లు. డార్లింగ్ నదికి అవతల ఎర్రమట్టి బయళ్లలో, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్లలో నలభై ఏళ్లుగా ఉన్ని రకాలు తేలుస్తోంది. ఏ ఉన్ని ఏ అరలోకి పోవాలో ఆమే చెప్పాలి. ఆ మాటకి తిరుగులేదు.

గుండె మాత్రం మాట వినడం మానేసింది. షెడ్డు నేలకి ఎత్తుగా ఉంటుంది, పదకొండు మెట్లు. ఏడో మెట్టు దగ్గర ఎవరో రొమ్ము మీద మోకాలు వేసి నొక్కినట్టయ్యేది. ఆగితే తగ్గేది. టౌన్ డాక్టరు దాన్ని ఆంజైనా అన్నాడు. గుండెకి రక్తం అందించే నాళాలు ఇరుకయ్యాయని చెప్పి, డైనైట్రేట్ మాత్రలు రాశాడు. పొద్దున ఏడుకి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఐదుకి.

ఆ వరస డల్సీకి నచ్చలేదు. షెడ్డులో రోజుకి నాలుగు దఫాల పని, ఒక్కోటి రెండు గంటలు. గంట ఒక్క నిమిషం ఆలస్యంగా కొట్టినా కత్తిరించేవాళ్లు గొడవకి దిగుతారు. అలాంటి చోట బతికిన మనిషికి, పగలు మూడు మాత్రలు కుక్కి, తర్వాత పధ్నాలుగు గంటలు ఖాళీగా వదిలేయడం శుద్ధ తెలివితక్కువ పనిగా తోచింది. డాక్టరుకి దఫాలు కట్టడం రాదని తేల్చి, తనే దిద్దుకుంది. ఆరుకి, రెండుకి, మళ్లీ రాత్రి పదికి. సరిగ్గా ఎనిమిదేసి గంటలు. షెడ్డులో పనిచేసే మేమంతా సబబుగా ఉందనే అన్నాం.

మొదట్లో కొన్నాళ్లు బాగానే ఎక్కింది. తర్వాత ఏడో మెట్టు నొప్పి తిరిగొచ్చింది. ఇంకో వారానికి అది ఐదో మెట్టుకి దిగింది.

మమ్మల్ని పనికి కుదుర్చుకున్న కాంట్రాక్టరు క్లెమ్ రోర్క్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఈ మంద కత్తిరింపు పూర్తి కావడానికి ఇంకా నెల ఉందనగా వచ్చి చెప్పాడు.

"తర్వాతి షెడ్డుకి టౌన్ నుంచి వేరే మనిషిని మాట్లాడాను డల్సీ. నా కళ్ల ముందు నువ్వు పడిపోతే చూడలేను."

"చూడకు. అటు తిరిగి నిలబడు."

"నవ్వులాట కాదమ్మా."

"నేను నవ్వానా?"

రెండు వారాలకోసారి వచ్చే నర్సు ఈడీకి డల్సీ తన మాత్రల వేళలు గొప్పగా చూపించింది. ఈడీ తల పట్టుకుంది. నైట్రేట్లు నాళాల్ని వదులు చేస్తాయట, కానీ ఒంట్లో ఎప్పుడూ ఉంటే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుందట. అందుకే రోజులో కొన్ని గంటలు వాటికి దూరంగా ఉండాలి. చర్మానికి అంటించుకునే పట్టీ అయినా అంతే, పడుకునే ముందు పీకేయాలి.

"కుక్క రోజంతా మొరుగుతుంటే లేచి ఎవడు చూస్తాడు డల్సీ?"

డల్సీ ఇంతకంటే మంచి మాత్ర లేదా అని అడిగింది. మోనోనైట్రేట్ ఉందంది ఈడీ. మెల్లగా కరిగే రకం, పొద్దున ఒక్కటే వేసుకోవాలి. ఇది గొప్ప, అది తక్కువ అని తేల్చి చెప్పలేమంది. ఒక్కటే కాబట్టి దిద్దడానికేమీ ఉండదని కూడా అంది.

డల్సీ రెండూ చూస్తానని పట్టుబట్టింది. డాక్టరు ఫోనులో సరేనన్నాడు. రెండు వారాలు డైనైట్రేట్, ఈసారి డాక్టరు చెప్పిన వేళలకే. తర్వాత రెండు వారాలు మోనోనైట్రేట్. నొప్పొస్తే ఆగాలి, నాలుక కింద స్ప్రే కొట్టుకోవాలి, పది నిమిషాల్లో తగ్గకపోతే అంబులెన్సు విమానాన్ని పిలవాలి. అలా అని ఈడీ ఆమె చేత ఒట్టేయించుకుంది.

ఆగాల్సి వచ్చిన ప్రతి రోజూ డల్సీ షెడ్డు స్తంభం మీద సుద్దతో ఒక గీత గీసింది. మొదటి దానికి పన్నెండు పనిరోజుల్లో ఐదు గీతలు పడ్డాయి. పని ఒత్తిడిలో మధ్యాహ్నం మాత్ర రెండుసార్లు మర్చిపోయింది కూడా. రెండోది మొదలుపెట్టాక మొదటి మూడు రోజులూ తల పగిలిపోయి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టింది. తలనొప్పి తగ్గింది. గీతలు రెండే పడ్డాయి.

ఒక్క మనిషి లెక్కతో ఏ మాత్ర గొప్పదో లోకానికి చెప్పలేమని ఈడీ అంది.

"లోకం సంగతి నాకెందుకు? మెట్లు నావి," అంది డల్సీ. మోనోనైట్రేటే ఉంచుకుంది. పని చేసుకోవచ్చని డాక్టరు దగ్గర కాగితం తెప్పించుకుంది.

ఆ షెడ్డులో ఆఖరి రోజు పొద్దున క్లెమ్ మెట్ల పైన నిలబడ్డాడు. మేం పనిలో ఉన్నట్టు నటిస్తున్నాం. తొమ్మిదో మెట్టు దగ్గర డల్సీ ఆగింది.

"చూశావా," అన్నాడు క్లెమ్, మెల్లగా.

ఆమె కమ్మీ పట్టుకుని, స్ప్రే కొట్టుకుని, నిమ్మళంగా ఊపిరి తీసుకుంది. చెయ్యి అందించబోయిన క్లెమ్‌ని చూపుతోనే ఆపేసింది.

"ఆగాను. ఆగడం పడిపోవడం కాదు. నీ కత్తెరగాళ్లు టీ తాగడానికి ఆగితే ఇంటికి పంపుతున్నావా?"

మిగిలిన రెండు మెట్లూ ఎక్కి, కాగితం అతని చేతిలో పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

"టౌన్ మనిషికి మాటిచ్చాను. ఇప్పుడేం చెప్పను?"

"ఫోనివ్వు, నేను చెబుతా."

నంబరు కలిపి ఇచ్చాడు. అవతలివాడు ఎత్తగానే డల్సీ, "వేరే షెడ్డు చూసుకో బాబూ, ఇక్కడ ఖాళీ లేదు," అంది.