కాలు తీసినా పోయే కారు

వనపర్తిలో ఒక కాంట్రాక్టరు బొంబాయి నుంచి పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. దాన్ని నడిపేది మా అక్క మొగుడు. ఆ కారులో క్రూజ్ కంట్రోల్ అనేదొకటి ఉండేది. వేగం కుదిరాక స్టీరింగ్ పక్కనున్న మీట నొక్కితే, కాలు తీసేసినా కారు అదే వేగంతో పోవాలి. కాంట్రాక్టరు ఎక్కడ కూర్చున్నా దాని ముచ్చటే. ఒకరోజు ఇద్దరు ఇంజనీర్లను ఎక్కించుకుని హైదరాబాదు పోతూ, చూపించమని బావకు చెప్పాడు. బావ మీట నొక్కి కాలు తీశాడు. కారు నెమ్మదించింది. మళ్లీ నొక్కినా అంతే.

వెనక సీటులోని ఇంజనీరు, "కాలే నయం లెండి, రిపేరుకు రాదు" అన్నాడట.

తిరిగొచ్చాక కాంట్రాక్టరు బావతో ఒక్కటే మాట అన్నాడు. ఆదివారంలోగా అది పనిచేయాలి, లేకుంటే తాళాలు అక్కడ పెట్టి పోవాలి.

బావ నేరుగా నా దగ్గరికొచ్చాడు. "నువ్వు దినాం లైబ్రరీల కూసుంటవు గదా. జర గా బుక్కులల్ల ఏమన్న ఉందేమో సూడు."

నాకు బస్టాండు దగ్గర రేడియో రిపేరు దుకాణం. బడి చదువు పదితో ఆగింది. తెలిసిన మిగతాదంతా గ్రంథాలయంలో సంపాదించిందే. అక్కడ కార్ల కరెంటు పని మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. వెనక అతికించిన తేదీల కాగితం మీద ఒక్క ముద్ర కూడా లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు సాయంత్రాలు చదివాను. నాకు కావలసింది రెండు పేజీల్లోనే ఉంది. బ్రేకు తొక్కగానే క్రూజ్ కంట్రోల్ వదిలేయాలి కాబట్టి, దాని తీగ బ్రేకు లైట్లకు పోయే తీగతో కలిసి ఉంటుంది. దాని కరెంటు దారి వెనకనున్న ఆ బల్బుల గుండానే పూర్తవుతుంది. అవి రెండూ పోతే, ముందు మీట ఎంత నొక్కినా పట్టుకోదు. ఆ సంగతి అర్థమైన సాయంత్రం నా కాళ్లు నేల మీద ఆనలేదు.

బావకు చెప్పలేదు. చెప్తే అది బావ గొప్ప అయిపోతుంది. కాంట్రాక్టరు ముందే విప్పాలనుకున్నాను.

ఆదివారం ఆయన తన ఇంటి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "ఏందయ్యా రేడియో మాస్టరూ, ఇది పాటలు పాడదు మల్ల" అన్నాడు.

నేను వెనక లైట్ల మూత విప్పాను. బల్బులు మాడిపోయి ఉంటాయనుకున్నాను. అసలు లేనే లేవు. బావ వైపు చూశాను. ఆయన కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. వాటిని తీసింది ఆయనేనని, నన్ను ఊరుకోమంటున్నాడని నాకు తెలిసింది. తెలిసి కూడా, "చూశారా సార్, బల్బులు తీసేశారు, అందుకే పట్టుకోవడం లేదు" అని ఆ రెండు పేజీలూ ఒప్పజెప్పాను. కాంట్రాక్టరు ముందుకు వంగి విన్నాడు. అంతటివాడు నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. ఆపలేకపోయాను.

"ఎవడు తీసిండు?" అన్నాడు నేను ఆగగానే.

"నేనే సారూ" అన్నాడు బావ. "బ్రేకు తొక్కకున్నా ఎర్రలైట్లు ఎలుగుతనే ఉండె. తెల్లారేసరికి బ్యాటరీ ఖతం. ఇది తోస్తే స్టార్టయ్యే బండి గాదు. మన ఎన్క వచ్చేటియి ఎద్దుబండ్లే గదా అని తీసి దాసిపెట్టిన." సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన రెండు బల్బులూ తీసిచ్చాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే, నా బండికే వంక పెడ్తవా అంటరు గదా సారూ."

నిజమే, కాంట్రాక్టరు అట్లాగే అనేవాడు. నిజం కాబట్టే ఆ మాట ఆయనకు తగిలింది.

బ్రేకు పెడలు దగ్గరి స్విచ్చు నట్టు వదులై లైట్లు ఆరడం లేదు. దాన్ని బిగించి, బల్బులు పెట్టాను. పది నిమిషాల పని. శనివారమే బావా నేనూ చేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

కాంట్రాక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. బావను రమ్మనలేదు. కొత్తకోట దగ్గర హైవే ఎక్కాక మీట నొక్కి కాలు వెనక్కి లాక్కున్నాడు. కారు పోతూనే ఉంది. ఆయన నవ్వాడు.

తిరుగుదారిలో రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "మీ బావకు చెప్పు, రేపటి సంది రావద్దని. నా బండి విప్పి నాకే చెప్పనోడు నాకొద్దు. నీ అసొంటి సదివినోడైతే నా బండ్లన్నీ అప్పజెప్త. ఏమంటవు?"

బావ కోసం ఒక్క మాట అనలేదు నేను. "ఆలోచించి చెప్తా సార్" అన్నాను.

అక్క ఇంటికి పోయి, బావను రావద్దన్నారని మాత్రం చెప్పాను. బావ బీడీ చివరిదాకా పీల్చి నేలకు రుద్ది ఆర్పాడు.

"నన్నడిగితే బల్బులు నేనే తీసిస్తుంటి గదరా. నన్నడగలే, బుక్కునడిగినవ్."

"అంతా బుక్కులనే ఉండె బావా."

"మీ బావ నౌకరి పోతదని రాసుండెనా అండ్ల?" అంది అక్క, పొయ్యి ముందు నుంచి లేవకుండానే.

ఆ తర్వాత బావ ఆత్మకూరులో ఎవరిదో ట్రాక్టరు తోలాడు. కాంట్రాక్టరు నన్ను పనికి పిలిచిన సంగతి వాళ్లిద్దరికీ ఇప్పటికీ తెలియదు. నేను పోలేదు. పోనని చెప్పడానికి మాత్రం నాకు నాలుగు రోజులు పట్టింది.